పరీక్షలు నాకు, షుగర్ చెల్లికి

మా ఇంట్లో ఆరోగ్యం అన్న మాట వచ్చిందంటే అందరి కళ్లూ నా నడుము మీద వాలేవి. ఎవరికి జలుబు చేసినా, ఎవరి మోకాలు పట్టేసినా, మాట తిరిగి తిరిగి నా దగ్గరికే వచ్చి ఆగేది. "అందరికన్న ముందు నువ్వు జర తగ్గు" అనేవారు. నేను పుట్టడమే బొద్దుగా పుట్టానని అమ్మ చెబుతుంది. చిక్కడపల్లిలో మా సందులో నన్ను పేరుపెట్టి పిలిచినవాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. మిగతా అందరికీ నేను దొడ్డక్కను. తెలంగాణలో దొడ్డు అంటే లావు. కిరాణా కొట్టాయన కూడా నాకు చక్కెర పొట్లం కట్టేటప్పుడు "ఇంట్ల వాళ్లకేనా అక్కా?" అని అడిగేవాడు. నాకు ఒళ్లు మండేది. ఇప్పటికీ మండుతుంది. ఇది రాయడానికి కూర్చున్నది కూడా ఆ మంటతోనే.

చెల్లెలు నాకంటే నాలుగేళ్లు చిన్న. అచ్చం నాన్న పోలిక. పుల్లల్లాంటి చేతులు, సన్నటి మెడ, గాలి గట్టిగా వీస్తే ఎగిరిపోతుందేమో అన్నట్టుండేది. అది ఏం తిన్నా ఒంటికి పట్టేది కాదు. నేను నీళ్లు తాగినా పట్టేవి.

అమ్మ దీనికొక పద్ధతి కనిపెట్టింది. నా పళ్లెంలోకి రావలసిన తీపిలో సగం తీసి చెల్లెలి పళ్లెంలో వేసేది. ఉగాదికి భక్ష్యాలు చేస్తే నా రెండోది దానికి పోయేది. పెళ్లిళ్లలో నా ఆకులో లడ్డు పడీ పడకముందే పక్కనున్న చెల్లెలి ఆకులోకి దూకేది. "నీకు ఊరికె పట్టేస్తది. దానికి కావాలె" అనేది అమ్మ. ఇద్దరు ఆడపిల్లలను త్రాసులో రెండు పక్కలా కూర్చోబెట్టి ముల్లు మధ్యకు తేవాలని ఆమె తాపత్రయం. చూసి చూసి అత్తలూ మేనమామలూ అదే నేర్చుకున్నారు. చెల్లెలికి తీపి అంటే పెద్ద మోజేం కాదు. వద్దంటే మాత్రం వినేవాళ్లెవరు? "తినే, నీకేమైతది" అనేవారు. దాని బాల్యమంతా ఆ ఒక్క మాట మీదే నడిచింది. నా బాల్యం "చాలే, ఇగ లెవ్వు" అన్న మాట మీద నడిచింది.

పెద్దయ్యాక నేను నారాయణగూడలో ఒక బడిలో తెలుగు టీచరుగా చేరాను. చెల్లెలిని అశోక్‌నగర్‌లో ఇచ్చారు. ఇచ్చారంటే దూరమేం కాదు, సాయంత్రం బడి అయ్యాక నడిచి వెళ్లి చాయ్ తాగి రావచ్చు. దానికి కుట్టుపని చిన్నప్పటి నుంచీ చేతిలో ఉంది. ఇంటి ముందు గదిలో మిషను వేసుకుంది. అశోక్‌నగర్ నిండా కోచింగ్ సెంటర్లు, హాస్టళ్లు. గ్రూప్స్ రాసే ఆడపిల్లలు డ్రెస్సులు పట్టుకొని వచ్చేవారు. కూర్చొని కూర్చొని చదివి లావైపోతే కుట్లు విప్పించుకోవడానికి, తిండి సరిపడక చిక్కిపోతే బిగించుకోవడానికి. చుట్టుపక్కల ఇళ్లవాళ్లంతా జాకెట్లు దానికే ఇచ్చేవారు. బతుకమ్మ వస్తోందంటే గదిలో కాలు పెట్టడానికి చోటుండేది కాదు. పొద్దున స్టూలు మీద కూర్చుంటే పొద్దుగూకిందాకా లేచేది కాదు. పక్కన గ్లాసులో చాయ్, చాయ్‌లోకి బిస్కెట్లు. అన్నం టైముకు తినకపోయినా పరవాలేదనుకునేది. దానికేమవుతుంది?

దాని పనితనం సంగతి చెప్పాలి. హెమ్మింగు మిషను మీద కాకుండా చేత్తో చేసేది. కుట్టు పైకి కనిపిస్తే విప్పేసి మళ్లీ వేసేది. సూదిలో దారం ఎక్కించేటప్పుడు తల కూడా వంచేది కాదు. మాట్లాడుతూనే ఎక్కించేసేది. నాలాంటి వాళ్లం దారపు కొసను నోట్లో తడిపి, ఒక కన్ను మూసి తంటాలు పడుతుంటే నవ్వేది.

నాకు నలభై దాటాక ఇంట్లోవాళ్లంతా కూడబలుక్కొని ప్రతి ఏడాదీ రక్తపరీక్ష చేయించాలని తీర్మానించారు. నాకు ఒక్కదానికే. నారాయణగూడలో ఒక ల్యాబు. నేను పరగడుపున వెళ్లాలి, చెల్లెలు తోడు రావాలి. అది ఇంట్లోనే చాయ్ తాగి వచ్చేది. సూది గుచ్చే పిల్ల ఒకసారి నా రక్తం తీసి, పక్కనే నిలబడిన చెల్లెలి వైపు తిరిగి "మేడమ్, మీకు కూడా చేద్దామా?" అని అడిగింది. చెల్లెలు పకపకా నవ్వింది. "నాకెందుకమ్మా? నన్ను చూస్తె తెలుస్తలేదా?" అంది. ఆ పిల్ల కూడా నవ్వింది. కుర్చీల్లో కూర్చున్న ఇద్దరు ముగ్గురు నన్ను చూసి, దాన్ని చూసి, వాళ్లూ నవ్వారు.

రిపోర్టు వచ్చేది. షుగరు లేదు. కొవ్వులూ ఉండాల్సినట్టే ఉన్నాయి. బీపీకి మాత్రం ఒక చిన్న మాత్ర వేసుకోమన్నారు. మోకాళ్ల నొప్పులు నాకు ఉన్నాయి, అవి నా బరువు వల్లేనని నాకు తెలుసు, బడి మెట్లెక్కేటప్పుడు అవే చెబుతాయి. లావు మంచిదని నేనెప్పుడూ అనలేదు. ఉన్నది ఉన్నట్టు చెబుతున్నాను, షుగరు లేదు. అమ్మ నమ్మేది కాదు. "ఆ మిషన్ ఖరాబున్నదేమో. ఇంకో దగ్గర చూపియ్యి" అనేది. ఒక ఏడాది నిజంగానే విద్యానగర్ దాకా తీసుకెళ్లి మళ్లీ చేయించారు. అక్కడా అదే మాట. అమ్మ ముఖం చూస్తే, నాకు జబ్బు లేనందుకు సంతోషించాలో మిషన్లన్నీ ఏకమై ఆమెను మోసం చేస్తున్నాయనుకోవాలో తెలియనట్టుండేది.

కొన్నేళ్ల కిందట ఒక ఎండాకాలం చెల్లెలు చిక్కడం మొదలుపెట్టింది. అసలే బక్క, ఇంకా బక్కయింది. మిషను పక్కన నీళ్ల సీసా చేరింది. అది నిండుకోవడం, మళ్లీ నింపడం, మధ్యమధ్యలో లేచి బాత్రూముకు పోవడం. "ఎండలు మండుతున్నయి గద" అనేది. వేలికి సూది గుచ్చుకున్న చోట పుండు మానక బ్యాండేజీ చుట్టుకొని కుట్టేది. ఎండలు పోయి వానలొచ్చినా దాహం పోలేదు.

ఆ రోజుల్లోనే మా మేనమామ మనవరాలి పెళ్లి. అంబర్‌పేట్‌లో ఫంక్షన్ హాలు. చెల్లెలు పట్టుచీర కట్టుకొని లోపలికి అడుగుపెట్టగానే చుట్టాలంతా దాన్ని చుట్టుముట్టారు. "ఏందే, ఇట్ల స్లిమ్ అయినవ్? ఏం తింటున్నవ్, మాకు గూడ చెప్పు" అని ఒకరు. "పెండ్లినాటి లెక్కనే ఉన్నవ్" అని ఇంకొకరు. "మీ అక్కకు గూడ జర నేర్పియ్యి" అని మా అత్త, నేను పక్కనే నిలబడి ఉండగా. అది సిగ్గుపడుతూ నవ్వింది. భోజనాల దగ్గర దాని ఆకులో డబల్ కా మీఠా రెండుసార్లు పడింది. తిన్నాక గోడవార కుర్చీలో కూర్చొని, బ్యాండు మోగుతుండగా, నోరు కొంచెం తెరుచుకొని నిద్రపోయింది. అంత చప్పుడులో నిద్ర ఎలా పట్టిందో ఎవరూ అడగలేదు. పనికి అలిసిపోయిందిలే అనుకున్నారు.

తరువాత కళ్లు. అక్షరాలు అలుక్కుపోయినట్టున్నాయని హిమాయత్‌నగర్‌లో కళ్లద్దాల కొట్టుకు వెళ్లి అద్దాలు మార్పించుకుంది. కొన్నాళ్లకు అవి పనికిరాలేదు. మళ్లీ మార్పించింది. నలభై అయిదు దాటితే ఎవరికైనా వచ్చేదే కదా అన్నారు అందరూ. దారం ఎక్కించడానికి హాస్టలు పిల్లలను పిలవడం మొదలుపెట్టింది.

ఒక సాయంత్రం బడి నుంచి అటే వెళ్లాను. చెల్లెలు ఒళ్లో తెల్ల లైనింగు బట్ట పరుచుకొని గోళ్లతో దాని మీద ఏదో గీకుతోంది. తీస్తోంది, విదిలిస్తోంది, మళ్లీ తీస్తోంది. విసుగ్గా ఉంది.

"ఏం చేస్తున్నవే?" అన్నాను.

"చూడక్కా, నల్ల దారప్పోగు. ఎంత తీసినా వస్తలేదు."

నేను వంగి చూశాను. బట్ట తెల్లగా ఉంది, ఏ మరకా లేదు. "ఏడ ఉందే?"

"ఇగో, ఇక్కడ. అరె, అటు పోయింది. ఇగో మళ్ల వచ్చింది. ఒక్కటి కాదక్కా, శానా ఉన్నయి." వేలు బట్ట మీద పాకుతూనే ఉంది. బట్టను దాని ఒళ్లోంచి లాగేసి, గోడ వైపు చూడమన్నాను. గోడకు సున్నం వేసి ఉంది. చెల్లెలు గోడను చూసి, "గోడ మీద గూడ ఉన్నయి" అంది.

మర్నాడు బడికి సెలవు పెట్టి కంటి ఆసుపత్రికి తీసుకెళ్లాను. కౌంటరులో ఉన్నామె మమ్మల్నిద్దరినీ చూసి, నా వైపు తిరిగి "మీకు షుగర్ ఎన్నాళ్ల నుంచి ఉందమ్మా?" అని అడిగింది. పేషెంటు నేను కాదని చెప్పాను. కంట్లో చుక్కలు వేసే ఆవిడ కూడా ముందు నా గడ్డం పట్టుకొని తల పైకెత్తబోయింది. వాళ్లనేం అంటాను, మా ఇల్లంతా చేసిన పనే వాళ్లూ చేశారు.

లోపల డాక్టరు, పెద్దాయన, చెల్లెలి కంట్లోకి వెలుతురు వేసి చాలాసేపు చూశారు. కుడి కన్ను, ఎడమ కన్ను, మళ్లీ కుడి కన్ను. తరువాత నెమ్మదిగా అడిగారు. "షుగరు ఎప్పటి నుంచి ఉందమ్మా మీకు?"

"నాకు లేదండి" అంది చెల్లెలు. "ఏమన్న ఉంటె అక్కకు ఉంటది."

ఆయన నా వైపు చూశారు. నాకూ లేదని చెప్పాను. ఎన్నడైనా పరీక్ష చేయించారా అని దాన్ని అడిగారు. దానికి ఎన్నడూ చేయించలేదు. ఏడాదికొకసారి ల్యాబు గడప తొక్కిన మనిషి, ఒక్కసారి కూడా చెయ్యి చాపలేదు. అక్కడే వేలికి గుచ్చి చూశారు. మీటరులో వచ్చిన అంకె చూసి నర్సు ఇంకోసారి గుచ్చింది.

ఇది ఈ ఏడాది వచ్చింది కాదనీ, కొన్నేళ్ల నుంచి లోపల పని చేసుకుంటూ పోయిందనీ, కంటి వెనక సన్న రక్తనాళాలు చిట్లి రక్తం కారిందనీ, చెల్లెలు బట్ట మీద ఏరుకున్న దారాలు ఆ రక్తమేననీ డాక్టరు చెప్పారు. చెల్లెలు వింటూ వింటూ, "కాని నేను బక్కగ ఉన్న కదండి" అంది. ఆయన నవ్వలేదు. కొవ్వు ఎంత ఉందన్నది సగం మాటేననీ, అది ఎక్కడ చేరిందన్నది మిగతా సగమనీ అన్నారు. కొందరికి తొడల్లో, చేతుల్లో, చర్మం కింద చేరుతుంది, పైకి కనిపిస్తుంది. కొందరికి చేతులూ కాళ్లూ సన్నగానే ఉండి కడుపు లోపల, కాలేయం చుట్టూ చేరుతుంది. మనవాళ్లలో ఇలాంటి బక్కవాళ్లు చాలామంది ఉంటారనీ, లావువాళ్లకైతే ఎవరో ఒకరు పరీక్ష చేయించుకోమని పోరుతారు గాని వీళ్లను ఎవరూ పోరరనీ అన్నారు. అమ్మానాన్నల్లో ఎవరికైనా ఉందా అని అడిగారు.

"నాన్న గుండెపోటుతో పోయారు. యాభై నిండలేదు. కాని ఆయన చాలా సన్నగా ఉండేవారండి" అన్నాను నేను. అన్నాక నా మాట నాకే వినిపించింది. నాన్న పోయినప్పుడు ఇంటికొచ్చిన ప్రతివాళ్లూ అదే అన్నారు, అంత సన్నటి మనిషికి గుండెపోటు ఎందుకొచ్చిందో అని. దిష్టి అన్నారు, ఆఫీసు టెన్షను అన్నారు. ఆయనకూ ఎవరూ వేలికి గుచ్చి చూడలేదు.

షుగరుకు వేరే డాక్టరు దగ్గరికి పంపారు. ఆయన చెల్లెలిని నిలబెట్టి, చీర కాస్త సర్దుకోమని, టేపు తీసి నడుము చుట్టూ కొలిచారు. వీధిలో సగంమంది ఆడవాళ్ల కొలతలు నోటికి చెప్పగలిగిన మనిషి, తన నడుము ఎంతో వినగానే "తప్పు కొలిచిన్రు" అంది. టేపు తీసుకొని తనే కొలుచుకుంది. మళ్లీ అంతే వచ్చింది. మంచం అంచున కూలబడి అంది: "జాకెట్టుకు పాత ఆది పెట్టి కుట్టుకుంట. ఛాతీ పెరగలే, చెయ్యి పెరగలే. లంగాకేమో బొందు. బొందు ఎంత వదులైతే అంత. నడుము పెరిగిందని నాకెట్ల తెలుస్తది అక్కా?" చీర కట్టుకునే ఆడవాళ్లం అందరం అంతే కదా. కుచ్చిళ్ల వెనక ఏం దాగుందో కట్టుకున్నవాళ్లకే తెలియదు.

ఇంటికొచ్చి అమ్మకు చెప్పాం. ఎనభై దాటిన మనిషి, మంచంలో లేచి కూర్చుంది. "బక్కదానికి షుగరేంది? ఆళ్లకేం తెల్వది" అంది ముందు. తరువాత నన్ను పైనుంచి కిందికి చూసి, కళ్లు తుడుచుకుంటూ, "నీకు రావాల్సింది దానికొచ్చిందే" అంది.

యాభై ఏళ్లలో చాలా మాటలు పడ్డాను గాని, ఇంతకంటే పెద్ద మాట పడలేదు. నా వాటా దాని పళ్లెంలో వేసింది నువ్వే కదా అని నోటిదాకా వచ్చింది. మింగేశాను. తీపి ఒక్కదాని వల్లే వచ్చిందని ఏ డాక్టరూ అనలేదు. నాన్న రక్తం ఉంది, ఆ స్టూలు ఉంది, వేళాపాళా లేని తిండి ఉంది, ఎన్నో కలిశాయి. పైగా అమ్మ ప్రేమతోనే వేసింది. ఆ ప్రేమ మీద కూడా నాకు కోపమే వచ్చింది, ఎవరి మీద చూపించాలో తెలియని కోపం. వంటింట్లోకి వెళ్లి గిన్నెలు కడిగాను. కడిగినవే మళ్లీ కడిగాను.

కుడి కన్ను దక్కదని అప్పటికే తేలిపోయింది. మిగిలింది ఎడమ కన్ను. దానికి లేజరు పెట్టాలన్నారు, లోపల సూదులు కూడా వేయాలన్నారు. లేజరు వల్ల పక్కల చూపు కొంత పోతుందనీ, పక్కలు వదులుకుంటేనే మధ్యచూపు నిలబడే అవకాశం ఉంటుందనీ డాక్టరు విడమరిచి చెప్పారు. చెల్లెలు ఒక్కటే అడిగింది.

"దారం ఎక్కించుకుంటనా సార్?"

"మనిషిని చూసి గుర్తుపట్టేంత చూపు నిలబెడదాం తల్లీ. ముందు అది" అన్నారు. చెల్లెలు తల ఊపింది.

నెలల తరబడి తిరిగాం. కంట్లో సూది వేసే రోజున ఆటోలో నా చెయ్యి పట్టుకొని కూర్చునేది. మనిషి మారిపోయింది. పొద్దున్నే నడక, ఇన్సులిన్, కొలిచి తినడం, అన్నం తగ్గించి పప్పూ కూరా ఎక్కువ వేసుకోవడం. మూడు నెలల సగటు షుగరు దిగుతూ వచ్చింది. "ముందే చేసుంటె ఎంత బాగుండు" అని ఒక్కసారే అంది, ఇంకెప్పుడూ అనలేదు. ఎడమ కంట్లో రక్తం కారడం ఆగింది. పక్కల చూపు పోయినా మధ్యచూపు నిలబడింది, అంటే ఎదురుగా ఉన్న మనిషి తెలుస్తుంది, పెద్ద అక్షరాలు తెలుస్తాయి. సూదికన్ను తెలియదు.

మొన్నటి బతుకమ్మకు అలవాటు చొప్పున ఆడవాళ్లు బట్టలు పట్టుకొని వచ్చారు. చెల్లెలు ఒక్కొక్క బట్టనూ చేతిలోకి తీసుకుంది. వేళ్లతో రుద్ది, ఇది పట్టు, ఇది కలిపింది, దీనికి లైనింగు కావాలె అని చెప్పి, వెనక్కి ఇచ్చేసింది. వచ్చినవాళ్లలో ఒకావిడ జాలిగా "ఇంత బక్కగున్నవ్, జర మంచిగ తిను" అంది. నేను ఆమెను గేటు దాకా సాగనంపి, నాకు చేతనైనంత మర్యాదగా, ఇంకెప్పుడూ ఆ మాట అనొద్దని చెప్పాను. మర్యాద కాస్త తగ్గిందేమో, ఆమె మళ్లీ రాలేదు.

పోయిన వారం బడి అయ్యాక అశోక్‌నగర్ వెళ్లాను. చెల్లెలు ముందు గదిలో కూర్చొని ఉంది. ఇంకా లైటు వేయలేదు, కిటికీలోంచి సాయంత్రపు వెలుతురు వస్తోంది. నేను దానికి ఎదురుగా, దగ్గరగా కుర్చీ వేసుకున్నాను. బడి కబుర్లు చెబుతున్నాను. చెల్లెలు వింటూ, నన్ను ఆ ఎడమ కంటితో పరీక్షగా చూసి, ఉన్నట్టుండి అంది.

"అక్కా, నువ్వు మస్తు బక్కగైనవే."

నేనేం తగ్గలేదు. ఆ పొద్దున్నే చీర కుచ్చిళ్లు చాలక తిట్టుకున్నాను. ఎగతాళి చేస్తోందనుకున్నాను, దానికి ఆ హక్కుంది. కాని దాని ముఖంలో నిజంగానే సంతోషం ఉంది. మెచ్చుకోలుగా నా భుజం తట్టబోయి చెయ్యి చాపింది. ఆ చెయ్యి భుజం ఉందనుకున్న చోటికి చేరకముందే నా దండచేతికి తగిలి ఆగిపోయింది. అక్కడ నేనుంటానని అది అనుకోలేదు. వేళ్లు ఒక్క క్షణం అలాగే ఉండి, మెల్లగా నా చేతి మీదుగా బయటి అంచు దాకా వెళ్లాయి, నేను ఎంతవరకు ఉన్నానో చూడటానికి.

"కాలేదా?" అంది.

"అయిననే. మొన్నటి నుంచే తగ్గుతున్న" అన్నాను.

చిన్నప్పటి నుంచి ఒక్కరైనా ఆ మాట అంటే బాగుండునని చూశాను. ఏడుపు వచ్చింది, ఆగలేదు. దానికి కనిపించకూడదని కుర్చీ ఒకింత పక్కకు జరుపుకున్నాను. అంత జరిగితే చాలింది.